రహీం సాబ్: హైదరాబాద్ బడిపంతులు ఆసియాకి నేర్పిన ఫుట్‌బాల్

2024 ఈద్ రోజుల్లో వచ్చిన మైదాన్ సినిమా మన ఇళ్లలో చాలామంది చూశారు. అజయ్ దేవగణ్ వేసిన కోచ్ పాత్ర పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. చూసిన పిల్లలు అడిగేది ఒకటే, ఈయన నిజంగా ఉన్నాడా అని. ఉన్నారు. మన హైదరాబాద్ మనిషే. సినిమా అన్నాక కొంత కల్పన కలుపుతారు, తప్పదు. కానీ ఆయన అసలు జీవితం సినిమాకి ఏ మాత్రం తీసిపోదు. ఇండియా ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది రెండే రెండు సార్లు, 1951లో ఒకసారి, 1962లో ఒకసారి. రెండు సార్లూ కోచ్ రహీం సాబే. ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది ఒక్కసారి, 1956లో. అప్పుడూ ఆయనే.

ఇంత చేసిన మనిషికి అసలు ఉద్యోగం బడిపంతులు. ఈ ముక్క సినిమాలో అంతగా కనపడదు. కానీ ఆయన మైదానంలో చేసిందంతా ఒక పంతులు తరగతి గదిలో చేసే పనే. ఆయన కథ అక్కణ్ణుంచి చెప్పుకుంటేనే అర్థమవుతుంది.

ఉర్దూ బడి నుంచి మైదానానికి

మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసిన మరుసటి ఏడాది, 1909 ఆగస్టు 17న రహీం పుట్టారు. నిజాం రాజ్యం అది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. పెద్ద చదువులు ఉర్దూలో చెప్పిన యూనివర్సిటీ అది. రహీం అక్కడే డిగ్రీ చేశారు, అక్కడి జట్టుకే ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత ఎలెవెన్ హంటర్స్, ఖమర్ క్లబ్ జట్లకి కూడా ఆడారు. ఆటగాడిగా ఊళ్లో మంచి పేరే ఉండేది. అయితే దేశానికి ఆయన తెలిసింది ఆటగాడిగా కాదు.

డిగ్రీ అయ్యాక పంతులుద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆయా బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే పీఈటీ సార్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మున్సిపల్ ఉర్దూ బడుల్లో చదివినవాళ్లకి పీఈటీ సార్ అంటే ఏంటో తెలుసు. మిగతా సార్లకి ఆయన పీరియడ్ అంటే సిలబస్ పూర్తి చేసుకోవడానికి దొరికే ఖాళీ. పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది ఆ పీరియడే. అలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషి దేశం మొత్తం ఆటనే మార్చాడంటే, ఆ ఉద్యోగాన్ని ఆయన ఎలా చూశారో ఊహించుకోవచ్చు.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేవి పెద్ద కప్పులు కాదు, పిల్లలకి పెట్టిన చిన్న చిన్న పోటీలు.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలించుకుని ముగ్గుర్ని నలుగుర్ని దాటించుకుంటూ పోవడం కుదరదు, వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. మరోటి ఎత్తుని బట్టి పెట్టే పోటీ. పొట్టి పిల్లలు పొడుగు పిల్లల మధ్య నలిగిపోకుండా తమ సాటివాళ్లతోనే ఆడుకోవచ్చు.

వినడానికి తమాషాగా ఉంటుంది. కానీ వీటి వెనక లెక్క చూడండి. ఆ రోజుల్లో మన దేశంలో జనం చప్పట్లు కొట్టేది డ్రిబ్లింగ్‌కే. ఒక్కడే బంతిని తిప్పుతూ అందర్నీ ఏడిపిస్తే వాడే హీరో. దానివల్ల ఏమవుతుంది? పక్కన ఖాళీగా నిలబడ్డ సాటి ఆటగాడికి బంతి రాదు. వాడికి ఆట రాదు. రహీం సాబ్ ఉపన్యాసం ఇవ్వలేదు, రూల్ మార్చారు. రూల్ మారితే పిల్లలు వాళ్లంతట వాళ్లే తలెత్తి చూస్తారు, తోటివాడు ఎక్కడున్నాడో వెతుక్కుంటారు. ఎడమకాలి పోటీ కూడా అంతే. రెండు కాళ్లతో ఆడగలిగినవాణ్ణి ఒక పక్కకి తరిమి ఆపేయడం ఎవరి వల్లా కాదు. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, ఆలోచించే పంతులు ఉంటే చాలు. మన నల్లరేగడి పొలాల్లో పత్తి కట్టె పీకేశాక ఎండాకాలం పిల్లకాయలు క్రికెట్ ఆడే చోట కూడా ఈ పోటీలు పెట్టుకోవచ్చు. కాలు ఇరుక్కునే నెర్రెలు లేని చోటు చూసుకోవాలి, అంతే.

1948 తర్వాత

రహీం సాబ్ తయారుచేసిన అసలు జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆడేవాళ్లకి పోలీసు శాఖలో ఉద్యోగాలిచ్చేవారు. పేదింటి కుర్రాళ్లకి అది చిన్న విషయం కాదు. నెల తిరిగేసరికి జీతం, ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం. ఆ ధైర్యం ఉంటే పొద్దున్నే మైదానానికి రావచ్చు.

ఇక్కడ 1948 సెప్టెంబర్ గురించి కొంచెం చెప్పుకోవాలి. పోలీస్ యాక్షన్ అని మనం పిలిచే ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. రజాకార్ల ఆగడాలు ఒకవైపు, ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల మీద పడిన దాడులు ఇంకోవైపు. ఎన్నో కుటుంబాలు ఉద్యోగాలు పోగొట్టుకున్నాయి. కొందరు కరాచీ దారి పట్టారు. ఉన్నవాళ్ల మీద అనుమానపు చూపులు. ఆ తరం పెద్దలు దాని గురించి పిల్లల ముందు పెద్దగా మాట్లాడేవారు కాదు.

అలాంటి నగరం నుంచి, సరిగ్గా రెండేళ్లకి, ఎక్కువమంది ముస్లిం కుర్రాళ్లున్న ఒక పోలీసు జట్టు ఢిల్లీ వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ కప్ అది, 1950లో. ఫైనల్లో ఎదురుగా కలకత్తా మోహన్ బగాన్. మొదటి ఆట సమానంగా ముగిసింది. రీప్లేలో హైదరాబాద్ గెలిచింది. అంతకుముందు డ్యూరాండ్ చివరిసారిగా జరిగింది 1940లో. అప్పుడు కప్పు గెలిచింది మహమ్మడన్ స్పోర్టింగ్. ఆ కప్పు గెలిచిన మొదటి ఇండియన్ జట్టు అదే. అంటే మన దేశపు అతి పాత ఫుట్‌బాల్ కప్పుని వరుసగా రెండు సార్లు కైవసం చేసుకున్నది మనవాళ్లే. ఎవరూ అడగరు కాబట్టి మనమే గుర్తుపెట్టుకోవాలి.

అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్ కూడా హైదరాబాద్ పోలీసులదే. 1951లో మళ్లీ వాళ్లే. 52, 53, 54... వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ దాటి పోలేదు. డ్యూరాండ్ మళ్లీ 1954లో, 1957లో వచ్చింది. 1961లో ఆంధ్ర పోలీస్ అనే కొత్త పేరుతో ఇంకోసారి. రాష్ట్ర జట్టుగా హైదరాబాద్ సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే దేశంలో ఇదంతా జరిగింది.

ఢిల్లీలో బంగారం, హెల్సింకీలో పది గోల్స్

1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. ఇండియా జట్టుకి కోచ్ రహీం సాబ్. కెప్టెన్ శైలెన్ మన్నా, బెంగాల్. హైదరాబాద్ నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లున్నారు. ఇండోనేషియా మీద 3-0, అఫ్గానిస్తాన్ మీద 3-0. మార్చి 10న ఫైనల్లో ఇరాన్ మీద 1-0, ఆ ఒక్క గోల్ సాహు మేవాలాల్‌ది. ప్రధాని నెహ్రూ కూడా వచ్చి చూశారు. హైదరాబాద్ ఇండియాలో కలిసి రెండున్నరేళ్లు. ఆ హైదరాబాద్ పంతులు ఇండియాకి ఫుట్‌బాల్‌లో మొదటి బంగారం తెచ్చిపెట్టాడు.

మరుసటి ఏడాది జూలైలో హెల్సింకీ ఒలింపిక్స్. ఈసారి ఎదురుపడింది యుగోస్లావియా. ఆట అయ్యేసరికి 10-1. పది గోల్స్ వేయించుకుని మనవాళ్లు వేసింది ఒక్కటి, అహ్మద్ ఖాన్ కాలి నుంచి. మన జట్టులో చాలామంది అప్పటికింకా బూట్లు లేకుండానే ఆడుతున్నారు. మన ఎండకి కాలిన గట్టి నేల మీద ఉత్తికాళ్లతో బంతి బాగా పలుకుతుంది. ఫిన్లాండ్ చలిలో, తడిసిన గడ్డి మీద కాలు జారుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. అవతలివాడు మేకుల బూట్లతో దూసుకొస్తుంటే ఉత్తికాలు ముందుకి పెట్టడానికి ఎవరికైనా జంకే.

ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. బూట్ల సంగతి అందరికీ కనిపించింది. అయితే తప్పు కాళ్ల దగ్గరే ఆగలేదు, జట్టు నిలబడే పద్ధతి కూడా పాతబడిపోయింది. మనవాళ్లు ఇద్దరే డిఫెండర్లతో, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లతో, బ్రిటిష్ దొరలు ఎప్పుడో నేర్పిన వరసలో ఆడుతున్నారు. ఆ వరస యూరప్‌లో ఎప్పుడో పోయింది.

1953 నవంబర్‌లో హంగరీ జట్టు లండన్ వెంబ్లీ మైదానానికి వెళ్లి ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించింది. ప్రపంచం నోరెళ్లబెట్టిన ఆట అది. హంగరీ కిటుకు ఏంటంటే, గోల్ ముందు కాచుకుని ఉండాల్సిన సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వచ్చి మధ్యలో ఆడతాడు. అతణ్ణి కాపలా కాయాల్సిన డిఫెండర్‌కి ఇరకాటం. వెంటపడి ముందుకొస్తే వెనక గోల్ దగ్గర ఖాళీ, అక్కడే ఉండిపోతే ఈ సెంటర్ ఫార్వర్డ్‌ని ఆపేవాడు లేడు. రహీం సాబ్ దీన్ని పట్టుకున్నారు. టీవీ లేదు, వీడియో లేదు. అయినా ఆ పద్ధతిని మన కుర్రాళ్లకి సరిపోయేలా మలిచి నేర్పారు. మనవాళ్లు బలంలో తక్కువ, వేగంలో, చురుకుదనంలో తక్కువ కాదు. బంతి కాలి దగ్గర ఎంత తక్కువసేపు ఉంటే ఒంటి బలంతో పని అంత తగ్గుతుంది. బడి పిల్లలకి పెట్టిన డ్రిబ్లింగ్ లేని పోటీలు ఇక్కడ పనికొచ్చాయి. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక 4-2-4 అనే వరస ప్రపంచమంతా మోగిపోయింది. ఆ దారిలో హైదరాబాద్ పంతులు అంతకుముందే నడవడం మొదలుపెట్టారు.

ఒక మాట. ఆయన్ని ఫెడరేషన్ వాళ్లు అన్నిసార్లూ పంపలేదు. 1954 మనీలా ఆసియా క్రీడలకి వేరే కోచ్ వెళ్లారు, జట్టు గ్రూపు దశలోనే ఇంటికొచ్చింది. 1958 టోక్యోకి కూడా వేరేవాళ్లే, నాలుగో స్థానం వచ్చింది. పాఠకులు లెక్క వాళ్లే కట్టుకోవచ్చు.

మెల్‌బోర్న్

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటిదాకా ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు మన గుంటూరులో ఉండేది. అది హైదరాబాద్ తరలిపోయిందని గుంటూరు ప్లీడర్లు బాధపడ్డ రోజులవి. ఒంగోలు అప్పటికింకా గుంటూరు జిల్లాలో భాగమే. అలా మన మిరప, పత్తి పల్లెలూ, రహీం సాబ్ హైదరాబాదూ ఒకే రాష్ట్రమయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆతిథ్య ఆస్ట్రేలియాతో తలపడింది.

మొదటి ఆట హంగరీతో ఉండాల్సింది, వాళ్లు రాకపోవడంతో వాకోవర్. అందుకే ఆస్ట్రేలియా ఆట నేరుగా క్వార్టర్ ఫైనల్. ఇండియా 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. నాలుగోది కిట్టు అని పిలిచే కృష్ణస్వామిది. ఆసియా దేశం ఏదీ అంతకుముందు ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరలేదు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ వేసిన అదే దేశం. ఈసారి రెండో భాగంలో ముందు గోల్ వేసింది మనమే, మళ్లీ డిసౌజా. చివరికి 4-1తో ఓడిపోయాం. కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. పతకం రాలేదు కాబట్టి మర్చిపోయాం గానీ, ఇండియా ఫుట్‌బాల్ ప్రపంచ స్థాయిలో అంతకంటే పైకి ఈనాటికీ వెళ్లలేదు.

ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, కుర్రాడు జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. వాళ్లతోపాటు సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం ఉన్నాడు. బలరాం సంగతి విడిగా చెప్పాలి. బాగా పేద ఇల్లు. పాత పోలీసు బూట్లని మోచీ దగ్గర కోయించి, కుట్టించుకుని మొదటిసారి ఫుట్‌బాల్ బూట్లు తొడుక్కున్నానని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు. రహీం సాబ్ ఆ కుర్రాడి ఆట చూసి శిక్షణకి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావాలంటే సైకిల్ అద్దెకి తీసుకోవాలి. ఆ అద్దె డబ్బులు ఇంట్లో లేవు. రహీం సాబ్ అవి తానే ఇచ్చి పిలిపించుకున్నారు. అప్పటికి ఆ కుర్రాడు ఎవరికీ తెలియదు. అదే ఏడాది ఒలింపిక్స్ ఆడాడు. నాలుగేళ్లకి రోమ్‌లో హంగరీ మీద గోల్ వేశాడు.

కొడుకు, రోమ్

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనకి దొరికిన గ్రూపు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. కెప్టెన్ పీకే బెనర్జీ. హంగరీతో 2-1 తేడాతో ఓడాం, మన గోల్ బలరాంది. ఫ్రాన్స్‌తో ఆటలో పీకే గోల్‌తో మనమే ముందున్నాం, ఆట ముగిసేముందు వాళ్లు సమం చేశారు, 1-1. పెరూతో 3-1. మళ్లీ బలరాం గోల్ వేశాడు. గెలుపు ఒక్కటీ లేదు. కానీ 10-1 నుంచి ఎనిమిదేళ్లలో ఎక్కడికి వచ్చామో చూడండి.

ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మంచి ఆటగాడే, బలవంతంగా ఇరికించిన పేరు కాదు. రోమ్‌లో ఇండియా మూడు ఆటలు ఆడింది. మూడింటిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. జట్టుతోపాటు రోమ్ దాకా వెళ్లి, ఒలింపిక్స్‌లో ఒక్క నిమిషమైనా ఆడకుండా తిరిగొచ్చాడు. రెండేళ్ల తర్వాత జకార్తా వెళ్లిన జట్టులో అతని పేరే లేదు. ఆ ఇంట్లో అమ్మ ఏమనుకుందో, దస్తర్‌ఖాన్ దగ్గర తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో మనం చెప్పలేం. కోచ్ కొడుకు కాబట్టి ఆడాడు అనే మాట మాత్రం ఎవరూ అనలేకపోయారు.

జకార్తా, 1962

నాలుగో ఆసియా క్రీడలు ఇండోనేషియాలో. మొదలవకముందే గొడవ మొదలైంది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లని ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో మన సభ్యుడు గురుదత్ సోంధీ అభ్యంతరం పెట్టారు. దాంతో జకార్తా వీధులు భగ్గుమన్నాయి. జనం ఇండియా రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఇండియా పేరెత్తితే చాలు, స్టేడియంలో కేకలు. ఏ పాపం తెలియని ఆటగాళ్లు బయటికి పోవాలంటే భయపడే పరిస్థితి.

ఆట కూడా సరిగ్గా మొదలవలేదు. ఆగస్టు 26న దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గానీ, డిఫెన్స్‌కి వెన్నెముక అయిన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ని 2-0తో ఓడించి సెమీస్ చేరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కి జ్వరం. అప్పట్లో ఆట మధ్యలో దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ణి దించే వీలు కూడా లేదు.

జర్నైల్ తలకి కట్టుంది. డిఫెన్స్‌లో ఉంటే ఎగిరి తలతో బంతులు ఆపుతూ ఉండాలి. అలాంటివాణ్ణి ఏ కోచ్ అయినా పక్కన కూర్చోబెడతాడు. రహీం సాబ్ అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడేనని ఆయనకి తెలుసు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఇండియా 3-2తో గెలిచింది. రెండు గోల్స్ కెప్టెన్ చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్‌ది.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్లీ దక్షిణ కొరియా. ఆ ముందు రాత్రి ఆటగాళ్లకి నిద్రపట్టలేదు. రహీం సాబ్ వాళ్లని తనకో కానుక అడిగారట, రేపటి బంగారు పతకం ఇవ్వమని. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో జబ్బు పాకుతోంది.

మరుసటి రోజు లక్షమంది దాకా జనం. మన జట్టుని చూసి ఒకటే గోల. ఆ గోలలో ఒక చిన్న గుంపు మాత్రం ఇండియాకి చప్పట్లు కొట్టింది. అది పాకిస్తాన్ హాకీ జట్టు. ఆటగాళ్లు చెప్పుకున్న ఈ ముక్క నాకెప్పుడూ కొత్తగానే ఉంటుంది. హాకీ మైదానంలో ఆ రెండు దేశాలు ఒకరినొకరు ఎలా చూసుకునేవో మనకి తెలుసు. పరాయి ఊళ్లో నలుగురూ కలిసి ఒకణ్ణి తిడుతుంటే, పక్కింటివాడికి మనసు ఒప్పదు.

17వ నిమిషంలో పీకే బెనర్జీ మొదటి గోల్ వేశాడు. మూడు నిమిషాల తర్వాత తలకి కట్టుతోనే జర్నైల్ సింగ్ రెండోది. తర్వాత గంటకు పైగా కొరియా వాళ్లు మీద పడుతూనే ఉన్నారు. జ్వరం నుంచి లేచొచ్చిన హైదరాబాద్ బిడ్డ తంగరాజ్ గోల్ ముందు నిలబడ్డాడు. ముందు ఆటల్లో గోల్ కాసింది ప్రద్యోత్ బర్మన్. అతను బాగా ఆడుతున్నా, పొడవైన కొరియా కుర్రాళ్ల ఎత్తు బంతులకి ఆరడుగులు దాటిన తంగరాజే సరైనవాడని రహీం సాబ్ అతణ్ణి దించారు. చివర్లో, 85వ నిమిషంలో, కొరియా ఒక గోల్ వేసింది. మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో ఆడినవాళ్లకే తెలియాలి. 2-1. ఇండియాకి రెండో బంగారం.

ఆ జట్టుని ఒక్కసారి చూడండి. సిక్కు జర్నైల్, బెంగాలీ చునీ, అరుణ్ ఘోష్, గోవా మూలాల ఫ్రాంకో, కేరళ చంద్రశేఖర్, గూర్ఖా రామ్ బహదూర్, హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్. వీళ్లందరికీ ఒక ఉర్దూ బడి పంతులు గురువు.

తర్వాత

జకార్తా నుంచి వచ్చాక రహీం సాబ్ ఎక్కువ కాలం లేరు. క్యాన్సర్ మంచాన పడేసింది. ఫైనల్ అయిన తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, హైదరాబాద్‌లో ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

అర్జున అవార్డు 1961లో మొదలైంది. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు మొదట పీకే బెనర్జీకి వచ్చింది. 1962లో బలరాం, 63లో చునీ గోస్వామి, 64లో జర్నైల్ సింగ్, 65లో అరుణ్ ఘోష్, 66లో యూసుఫ్ ఖాన్, 67లో తంగరాజ్. ఏడేళ్లు వరుసగా ఏడుగురు, ఏడుగురూ జకార్తాలో ఆయన కింద ఆడినవాళ్లే. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలవలేదు. ఫుట్‌బాల్ నుంచి దాన్ని మొదట అందుకున్నది, 1990లో, హైదరాబాద్‌లోనే ఆట నేర్చుకున్న సయ్యద్ నయీముద్దీన్. ఆ నయీముద్దీన్ కెప్టెన్‌గా, పీకే బెనర్జీ శిక్షణలో ఇండియా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చింది. రహీం సాబ్ పేరు మీద మాత్రం ఏ పద్మ అవార్డూ లేదు.

ఆయన పోయాక ఆంధ్రప్రదేశ్ 1965-66లో ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆయన నాటిన చెట్టుకి కాసిన ఆఖరి కాపు అది. తర్వాత హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ నెమ్మదిగా తగ్గిపోయింది. మైదానాలు తగ్గాయి, పోలీసు జట్టుకి ఆ వెలుగు పోయింది, మంచి ఆటగాళ్లు డబ్బున్న కలకత్తా క్లబ్బులకి వెళ్లారు. వెళ్లినవాళ్లని తప్పుపట్టలేం. వాళ్ల వెనక ఎడమకాలి పోటీలు పెట్టేవాళ్లు లేకుండా పోయారు, అదీ నష్టం.

బలరాం కలకత్తాలోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. తండ్రి రోమ్‌లో ఆడించని హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు. అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ కూడా అయ్యారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది. 2021 ఆగస్టులో గుల్బర్గాలో ఆయన కూడా వెళ్లిపోయారు. తండ్రి కథ సినిమాగా వస్తోందని ఆయనకి తెలుసు. అది తెరమీదకి వచ్చేనాటికి ఆయన లేరు.